నాడి, నడక, గడియారం

రెండేళ్ళ కిందట ఆషాఢంలో మా పెరటి నూతిగట్టు మీద నాచుకి కాలు జారి పడ్డాను. కుడికాలి చీలమండ దగ్గర బయటివైపు ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టు. ఇరవయ్యేడేళ్ళుగా విజయనగరంలో ఇంటర్ పిల్లలకి చరిత్ర చెబుతున్నాను. పొద్దున్నే అయోధ్య మైదానంలో నాలుగు చుట్లు కొట్టి, ఆ తర్వాత కాలేజీకి కూడా నడిచే వెళ్ళే మనిషిని. అలాంటిది, మంచానికీ బాత్రూముకీ మధ్య పన్నెండు అడుగులు వేయడానికి వాకరు పట్టుకోవలసి వచ్చింది.

కట్టు విప్పిన వారానికి మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక గడియారం పంపింది. చేతికి కట్టుకుంటే అడుగులు, గుండె వేగం, నిద్ర, శ్వాసలు, ఇంకా పేరు చూస్తే అర్థం కానివి ఓ అరడజను చెబుతుంది. "ఎంతవరకు కోలుకున్నావో నువ్వు అనుకోవడం కాదమ్మా, అదే చెబుతుంది" అంది ఫోన్లో. అది చెప్పడం మొదలెట్టింది. మొదటి వారంలోనే నా 'ఫిట్‌నెస్ వయసు' 67 అంది. అప్పటికి నాకు 54.

క్లాసులో పిల్లలకి ఒక మాట ఎప్పుడూ చెప్పేదాన్ని. అంకె కనిపించగానే నమ్మకండి, కొట్టిపారేయకండి, దీన్ని ఎవరు రాసిపెట్టారు, ఎందుకు రాసిపెట్టారు అని అడగండి అని. శిస్తు లెక్కయినా, జనాభా లెక్కయినా మొదటి ప్రశ్న అదే. చెప్పొద్దూ, ఆ ప్రశ్న నా చేతి గడియారాన్ని అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇంకోసారి కాలు వాచాక గానీ బుద్ధి రాలేదు.

ముందు ఆ మాట సంగతే చూద్దాం. గడియారం అన్న మాటలో ఘడియ ఉంది. ఘడియ అంటే 24 నిమిషాలు. అడుగున చిల్లి పెట్టిన రాగిగిన్నెని నీళ్ళలో వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం. ఆ ఘడియకి ఇంకో పేరు నాడి. చేతి మణికట్టు దగ్గర కొట్టుకునేదీ నాడే, కాలాన్ని కొలిచేదీ నాడే. సూర్యసిద్ధాంతం కాలమానాన్ని ఊపిరితో మొదలెడుతుంది. ఆరు ప్రాణాలు (అంటే ఆరు శ్వాసలు) ఒక వినాడి, అరవై వినాడులు ఒక నాడి, అరవై నాడులు ఒక రోజు. గుణించి చూస్తే రోజుకి 21,600 శ్వాసలు, నిమిషానికి 15. ఓ రోజు తెల్లవారుజామున నిద్ర పట్టక గడియారం తెర జరుపుతుంటే 'రాత్రి సగటు శ్వాసలు: నిమిషానికి 15' అని కనిపించింది. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. మన పెద్దలకి అన్నీ ముందే తెలుసు అనే పాట ఎత్తుకోవడం లేదు, ఆ పాట నాకు చిరాకు. వాళ్ళు చేసింది వేరు. కాలాన్ని కొలవడానికి ఒంటిని గజంబద్దగా వాడుకున్నారు. ఇప్పుడు కాలాన్ని గజంబద్దగా పెట్టుకుని ఒంటిని కొలుస్తున్నాం.

నాడి పట్టడం మన వైద్యంలో మరీ పాతదేమీ కాదు. చరకుడూ సుశ్రుతుడూ దాన్ని రోగనిర్ణయ పద్ధతిగా వివరించలేదు. శార్ఙ్గధర సంహితలో స్పష్టంగా కనిపిస్తుంది. మన తెలుగు వైద్యుల ఇళ్ళలో తరతరాలుగా చలామణీ అయిన బసవరాజీయంలోనూ నాడీ పరీక్షకి పెద్దపీటే. ఆ గ్రంథాల్లో నాడిని లెక్కపెట్టరు, దాని నడక చూస్తారు. వాతమైతే జలగలా పాములా, పిత్తమైతే కాకిలా కప్పలా, కఫమైతే హంసలా పావురంలా నడుస్తుందట. పురుషులకి కుడిచెయ్యి, స్త్రీలకి ఎడమచెయ్యి పట్టి చూడాలన్నది నాడీ గ్రంథాల్లో తరచు కనిపించే నియమం. నా గడియారమూ ఎడమచేతికే ఉంది, కారణం వేరే అనుకోండి.

లెక్కపెట్టడం ఇంకోచోట మొదలయింది. ఇటలీలో, పాడువా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సాంటోరియో అనే వైద్యుడు పదిహేడో శతాబ్దం మొదట్లో ఒక దారానికి గుండు కట్టి ఊపేవాడు. ఊగు రోగి నాడితో కలిసేదాకా దారం పొడవు తగ్గించడం, పెంచడం. కలిశాక ఆ దారం పొడవు రాసుకునేవాడు. అంటే నాడి 'ఇన్ని' కాదు, 'ఇంత పొడవు'. అదే మనిషి కుర్చీని త్రాసుకి వేలాడదీసి, అందులో కూర్చుని తిన్నదీ తాగినదీ విసర్జించినదీ ఏళ్ళ తరబడి తూచుకున్నాడు. ఆ ఫలితాలతో 1614లో పుస్తకం వేశాడు. తన ఒంటిని తానే అంకెల్లో రాసుకునే పిచ్చి ఈనాటిది కాదన్నమాట. 1707లో జాన్ ఫ్లాయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు సరిగ్గా ఒక్క నిమిషం నడిచి ఆగే గడియారం చేయించుకుని నాడిని లెక్కపెట్టాడు. నిమిషానికి ఇన్ని అనే అలవాటుకి అదొక తొలి మెట్టు. 1930ల చివర్లో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అమెరికాలో చర్మం మీదికి వెలుతురు పంపి, నెత్తురు పొంగినప్పుడల్లా ఆ వెలుతురు ఎంత తగ్గుతోందో చూశాడు. నా గడియారం వీపున మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ దీపం దాని మనవరాలే. ఆకుపచ్చ ఎందుకంటే నెత్తురు ఆ రంగుని బాగా పీల్చుకుంటుంది.

ఈ వంశవృక్షం తెలిశాక నాకు ఒక సంగతి అర్థమయింది. గడియారం చెప్పే అంకెలన్నీ ఒక జాతివి కావు. కొన్ని లెక్కపెట్టినవి, కొన్ని ఊహించినవి. కూర్చుని ఉన్నప్పుడు గుండె వేగం లెక్కపెట్టిన అంకె. దాన్ని చాలావరకు నమ్మొచ్చు. దెబ్బ తగలకముందు కాలేజీలో పెట్టిన ఆరోగ్య శిబిరంలో నా నాడి 66 అని రాసిన చీటీ ఒకటి బీరువాలో దొరికింది. గడియారం వచ్చిన వారం అది 78. మంచం పట్టిన మనిషికి గుండె వేగం పెరుగుతుంది. తక్కువ నెత్తురు పంపుతూ ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మూడు నెలల్లో 78 కాస్తా 68కి దిగింది. నా దగ్గరున్న అంకెల్లో సంతోషపెట్టిన మొదటిది అదే.

హెచ్‌ఆర్‌వీ అని ఇంకోటి. ఒక కొట్టుకోడానికీ మరో కొట్టుకోడానికీ మధ్య ఎడం ఎంత మారుతోందో చెప్పేది. 1965లో హాన్, లీ అనే ఇద్దరు వైద్యులు గర్భంలో బిడ్డ ఇబ్బందిలో పడబోయే ముందు గుండె వేగం మారకముందే ఈ ఎడాల్లో తేడా వస్తోందని గమనించారు. అక్కడ పుట్టిన కొలత ఇది. ఇందులో మనిషికీ మనిషికీ పోలికే లేదు. వయసుతో తగ్గుతుంది, ఒక్కొక్కరికి ఒక్కొక్కలా ఉంటుంది. నాది 21, మా అమ్మాయిది 70. అది తెలియక రెండు వారాలు దిగులుపడ్డాను.

ఇక అడుగులు. మా అత్తగారిది ఆమదాలవలస దగ్గర పల్లె. ఎనభై రెండేళ్ళు. ఆవిడ చిన్నతనంలో దూరాలు ఆమడల్లో, కోసుల్లో. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు. నేను పొద్దున్న లేవగానే గడియారం చూసుకోవడం చూసి, "ఏటే, అదేటంతంది?" అని అడిగేది. నిన్న 640 అడుగులు నడిచానంటోంది అత్తయ్యా అంటే, "నడిసినోలికి తెలీదేటి?" అనేది. తమాషా ఏమిటంటే ఆ 640 కూడా తప్పే. వాకరు రెండు చేతులా పట్టుకుని నడిస్తే చెయ్యి ఊగదు. చెయ్యి ఊగకపోతే ఆ గడియారానికి నడిచినట్టు కాదు. కుంటుకుంటూ గదంతా తిరిగిన రోజు 300 చూపించి, మంచం మీద కూర్చుని మజ్జిగ చిలికిన రోజు 900 చూపించింది. పరీక్ష చేద్దామని ఇంకో రోజు కదలకుండా కూర్చుని చపాతీ పిండి కలిపాను. మరో రెండొందలు.

అడుగులు లెక్కపెట్టి లోకాన్ని కొలిచినవాళ్ళూ ఉన్నారు. 1862-63లో మన విశాఖపట్నం జిల్లాలోనే (విజయనగరం అప్పుడు అందులోదే) సర్వే వాళ్ళు కాంపెన్సేషన్ కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ బేస్‌లైన్ కొలిచారు, మొత్తం త్రికోణమితి సర్వేకి ఆధారంగా ఉండే పది కొలతల్లో ఒకటిగా. ఇంకో రెండు మూడేళ్ళకి అదే సర్వే, కడ్డీలూ యంత్రాలూ తీసుకెళ్ళనివ్వని టిబెట్‌కి నైన్ సింగ్ అనే బడిపంతులుని పంపింది. చేతిలో జపమాల. దానికి నూటెనిమిది పూసలకి బదులు వంద. నూరడుగులకి ఒక పూస జరపడం. మైలుకి రెండు వేల అడుగులు పడేలా తన నడకని ముందే సాధన చేసుకున్నాడు. ఎత్తయినా పల్లమయినా అదే అడుగు. లెక్క వేసి చూశాను, ఆ అడుగులతో మా అత్తగారి ఆమడ పదహారు వేలు.

మరి పదివేలు ఎక్కడిది? గడియారం రోజూ రాత్రి 'ఇంకా ఇన్ని మిగిలాయి' అని గుర్తుచేసే ఆ పదివేలు? జపాన్‌లో 1964 టోక్యో ఒలింపిక్స్ వేడిలో, 1965లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్‌పో-కెయ్. అంటే 'పదివేల అడుగుల మీటరు'. పేరు బాగుంది, అంకె గుండ్రంగా ఉంది, నిలిచిపోయింది. 2019లో అమెరికాలో ఐమిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీలని పరిశీలించింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలో మరణాల రేటు 41 శాతం తక్కువగా ఉంది. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం చదునైపోయింది. పదివేలకి ప్రత్యేకమైన మహత్తు ఏదీ కనబడలేదు. ఒక సరుకు పేరుని నేను వైద్యుడి చీటీలా పట్టుకుని కూర్చున్నాను.

ఇదంతా తర్వాత చదివాను. చదవకముందు జరిగింది వేరు.

అక్టోబరుకి నేను రోజూ 3,500 అడుగుల దాకా వచ్చాను, చేతికర్రతో. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నెమ్మదిగా పెంచుకుందాం అంటూ ఉండేది. విజయదశమి వెళ్ళాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఈ ఊళ్ళో ఉన్న ఇరవయ్యేడేళ్ళలో ఒక్కసారీ మానలేదు. సోమవారం తొలేళ్ళు, ఇంటినిండా చుట్టాలు, చేతికర్ర మూలన పెట్టేశాను. తొమ్మిది వేలు. మంగళవారం పొద్దున్న గడియారం చూస్తే 'బాగా కోలుకున్నారు, ఈరోజు కష్టమైన వ్యాయామానికి సిద్ధం' అన్న అర్థం వచ్చే సందేశం. మూడులాంతర్ల దగ్గర్నుంచి కోటదాకా ఆ జనంలో సిరిమాను వెంట వెళ్ళి వచ్చాను. 12,600. రాత్రి తెర మీద చిన్న చిన్న తారాజువ్వలు, 'మీ కొత్త రికార్డు!' అని.

బుధవారం కాలు కింద పెట్టలేకపోయాను. చీలమండ తాటిముంజెలా ఉబ్బింది. ఎముక మళ్ళీ విరగలేదు గానీ దాని చుట్టూ ఉన్న స్నాయువులు రేగిపోయాయన్నారు డాక్టరు. మళ్ళీ మూడు వారాలు వాకరు. కాలేజీకి ఇంకో నెల సెలవు, ఈసారి జీతం లేకుండా. మా అత్తగారు మంచం పక్కన కూర్చుని, "బేగి బేగి అంటే కాలింతుందేటే? దాని గొడవ ఒగ్గీసి కూకో" అంది. ఆవిడ ఊరుకోకుండా రాత్రిపూట లేచి నాకు నీళ్ళు అందించేది. ఎనభై రెండేళ్ళ మనిషి చేత సేవ చేయించుకోవలసి రావడం కన్నా సిగ్గు ఇంకోటి ఉండదు.

ఆ మూడు వారాల్లోనే ఈ చరిత్రంతా తవ్వాను. కోపంతో మొదలెట్టాను, అది మోసం చేసిందని రుజువు చేద్దామని. తీరా చూస్తే అది మోసం చేయలేదు. దానికి నా కాలు సంగతే తెలియదు. దాని దీపం మణికట్టు దగ్గర నెత్తురుని చూస్తుంది, అంతే. గుండె, ఊపిరి వారాల్లో తేరుకుంటాయి. అతుక్కున్న ఎముక లోపల మళ్ళీ సరిగ్గా అమరడానికి నెలలు పడుతుంది. స్నాయువులు ఇంకా నిదానం. వాటికి నెత్తురు అందేదే తక్కువ. 'మీరు సిద్ధం' అన్నప్పుడు అది నా గుండె సిద్ధమని నిజమే చెప్పింది. ఆ మాటని కాలికి అన్వయించుకున్నది నేను.

ఆటగాళ్ళ విషయంలో దీనికో లెక్క ఉందని తెలిసి అదీ వేశాను. 2016లో ఆస్ట్రేలియాకి చెందిన టిమ్ గాబెట్ ప్రచారంలోకి తెచ్చిన నిష్పత్తి: ఈ వారం పడ్డ శ్రమని గత నాలుగు వారాల సగటుతో భాగించు, 0.8కీ 1.3కీ మధ్య ఉంటే క్షేమం, 1.5 దాటితే ప్రమాదం. నాది వేశాను. మూడు వారాలు వారానికి 24,500 చొప్పున, పండగ వారం 39,100. నాలుగు వారాల సగటు 28,150. నిష్పత్తి 1.39. అంటే ప్రమాద రేఖ కిందే ఉన్నానన్నమాట, వాచిన కాలుతో! వారం సగటులో రెండు రోజుల విపరీతం కరిగిపోయింది. ఈ నిష్పత్తి మీద తర్వాత ఇంపెల్లిజెరీ లాంటి పరిశోధకులు గట్టి విమర్శలే చేశారు. సగటు వర్షపాతం సరిగ్గానే ఉందని చెప్పే సంవత్సరంలో, ఒక్క తుఫాను రాత్రికి నాగావళి ఒడ్డున ఊళ్ళు మునగడం మా శ్రీకాకుళం వాళ్ళకి కొత్తేం కాదు.

ఫిట్‌నెస్ వయసు 67 సంగతి. దాని వెనకాల వీఓటూ మ్యాక్స్ అనే అంకె ఉంది, ఒళ్ళు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పేది. 1920ల మొదట్లో ఇంగ్లండులో ఏ.వి. హిల్, తన సహచరుడు లప్టన్‌తో కలిసి ఈ ఊహకి రూపం ఇచ్చాడు. హిల్ స్వయంగా పరుగుగాడు. వీపున సంచీ కట్టుకుని, వదిలిన గాలి అందులో పట్టుకుంటూ పరుగెత్తి కొలిచారు. గడియారం గాలిని పట్టదు. గుండె ఇంత వేగంగా కొట్టుకుంటుంటే మనిషి ఇంత వేగంగా నడుస్తోంది కాబట్టి ఇంత అయ్యుంటుంది అని ఊహిస్తుంది. కుంటే మనిషి నెమ్మదిగా నడుస్తుంది, పైగా కుంటడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. గడియారం చూసింది నా ఊపిరిని కాదు, నా కుంటిని. దానికి ఊపిరి పేరు పెట్టింది.

అలాగని మంచం పట్టడం ఉత్తదేమీ కాదు. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి చూశారు. ఆ మూడు వారాల్లో వాళ్ళ సామర్థ్యం నాలుగో వంతుకి పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని వెతికి పట్టుకుని మళ్ళీ కొలిచారు. ఒక్కరు కూడా ముప్ఫై ఏళ్ళ వయసు మీదపడటం వల్ల అంత నష్టపోలేదు, ఇరవయ్యో ఏట మూడు వారాల మంచం వల్ల నష్టపోయినంతగా! ఇంకా మంచి వార్త, ఆ యాభై ఏళ్ళ వాళ్ళకి ఆరు నెలలు నెమ్మదిగా వ్యాయామం చేయిస్తే వయసు వల్ల తగ్గిందంతా తిరిగొచ్చింది. ఇది చదివిన రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. గడియారం ఆ రాత్రి నిద్రకి 58 మార్కులే వేసింది.

నా గడియారానికి ఇంకో లోపం ఉంది, చరిత్రవాళ్ళకి వెంటనే తట్టవలసింది, నాకు తట్టనిది. అది దెబ్బ తగిలాక వచ్చింది. దానికి నా 'ముందు' తెలియదు. ఒక పల్లె చరిత్రని 1866 గంజాం కరువు నాటి కాగితాలతో మొదలెడితే (శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలోది) ఆ ఊరి వాళ్ళు ఎప్పుడూ గంజికి ఎదురుచూస్తూ బతికారని రాస్తాం. మరుసటేడు ఓ పూట అన్నం తింటే అభివృద్ధి అంటాం. మంచం మీది మనిషినే మామూలు మనిషి అనుకుంది కాబట్టే అది తారాజువ్వలు వేసింది.

గుండె వేగానికి పైహద్దు చెప్పే సూత్రం కూడా ఇలాంటిదే. 220లోంచి వయసు తీసెయ్యడం. 1970-71 ప్రాంతంలో ఫాక్స్, హాస్కెల్ అనే ఇద్దరు అప్పటికున్న ఓ పది పరిశోధనల చుక్కల మధ్య నుంచి ఉజ్జాయింపుగా గీసిన గీత అది. వ్యాయామానికి శాసనం చేద్దామని తాము అనుకోలేదని హాస్కెలే తర్వాత చెప్పాడు. దాని ప్రకారం నాకు 166. 2001లో తనాకా బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం 170. 2010లో షికాగోలో ప్రత్యేకంగా స్త్రీల మీదే చేసిన పరిశోధన ప్రకారం 158, 159. పైగా ఏ సూత్రానికయినా మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ. ఆ హద్దు మీద శాతాలు వేసి 'కొవ్వు కరిగే జోను', 'గట్టి శ్రమ జోను' అని రంగులు పూస్తుంది గడియారం. పునాది ఎంత కదిలేదయినా గోడకి సున్నం తెల్లగానే ఉంటుంది.

మా రెండు జిల్లాలకి ఒంటి బలంతో ఉన్న సంబంధం పాతది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, ఇక్కడి బడిలోనే డ్రిల్లు మాస్టరుగా చేసి, సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగిన కోడి రామ్మూర్తి నాయుడు పేరు ఇప్పటికీ శ్రీకాకుళం స్టేడియం మీద ఉంది. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు, రెండు కార్లని చెరోవైపు ఆపాడు, ఊపిరి బిగబట్టి గొలుసులు తెంపాడు అని చెప్పుకుంటారు. ఆయన బలానికి కొలతలు ఏనుగులూ కార్లే. చివరి రోజుల్లో కాలికి రాచపుండు లేచి కాలు తీసేయాల్సి వచ్చిందనీ, మత్తుమందు వద్దని ప్రాణాయామం పట్టాడనీ కూడా చెప్పుకుంటారు. 1942 సంక్రాంతి రోజుల్లో ఒడిశాలోని బలంగీర్‌లో పోయాడు. ఆయన కథ చిన్నప్పుడు విన్నప్పుడు ఏనుగు దగ్గర కళ్ళు పెద్దవి చేసేదాన్ని. కాలు పోయిన సంగతి దగ్గర ఆగింది నేను మంచంలో ఉన్నప్పుడే. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో, ఎంత నడిచాడో ఎవరూ చెప్పుకోరు. బలవంతుడు కోలుకోవడం కథకి పనికిరాదేమో.

ఆమదాలవలస పక్క ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి వచ్చేసరికి ఏనుగుల స్థానంలో కిలోలు వచ్చాయి. సిడ్నీలో 2000 సెప్టెంబరు 19న 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240, కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ రోజు చివరి ప్రయత్నానికి 130 నుంచి ఏకంగా 137.5 పెట్టించారు. అది లేవలేదు. మొదటి రెండు స్థానాల వాళ్ళదీ 242.5. ఆ ఏడున్నర కిలోల అంగ మీద మా వైపు ఇప్పటికీ వాదించుకుంటారు. విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు వెళితే కొండవెలగాడ అనే ఊరుంది, అక్కడి ఆడపిల్లలు ఇనుము ఎత్తడంలో పేరు తెచ్చుకున్నారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల తరగతిలో మత్స సంతోషిది రజతం. బార్ మీది బరువు అందరికీ కనిపిస్తుంది, అబద్ధమాడదు. ఆ బరువు ఎత్తినవాళ్ళ లోపల ఎంత బరువుగా ఉందన్నది వేరే అంకె.

ఆ రెండో అంకె కోసం స్వీడన్‌లో గున్నార్ బోర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిత్రమైన పని చేశాడు. మనిషినే అడిగాడు, ఎంత కష్టంగా ఉంది అని. జవాబు 6 నుంచి 20 లోపల ఉండాలి. ఆరు ఎందుకంటే పడుచువాళ్ళ గుండె వేగం 60 నుంచి 200 దాకా ఉంటుంది కదా, ఒక సున్నా తీసేశాడు. ఇన్ని సెన్సర్లు వచ్చాక కూడా ఆ స్కేలు ఆసుపత్రుల్లో బతికే ఉంది.

మా ఫిజియో అమ్మాయిది సాలూరు వైపు. మొదట్లో అందరిలాగే "నొప్పి పదికి ఎంత మేడం?" అని అడిగేది. నేను నాలుగనో ఐదనో చెప్పేదాన్ని, అప్పటికి తోచింది. రెండోసారి వాచాక ఒకరోజు నేను విసుగ్గా "నాలుగో ఐదో నాకు తెలీదమ్మా, సలుపుగా ఉంది" అన్నాను. ఆ పిల్ల తల ఎత్తి, "సలుపా, పోటా?" అంది. సలుపే. "రాత్రా, నడిచినప్పుడా?" రాత్రి. "నడిస్తే?" లాగుతుంది. "చురుక్కుమంటుందా?" లేదు, మెట్టు దిగినప్పుడు మాత్రం కలుక్కుమంటుంది. ఆ కలుక్కు దగ్గర ఆగి, చీలమండ ముందువైపు వేలు పెట్టి నొక్కింది. ప్రాణం పోయింది. అక్కడి నుంచి వ్యాయామం మార్చింది.

1975లో మాంట్రియాల్‌లో రొనాల్డ్ మెల్జాక్ నొప్పికి వాడే 78 మాటలని ఇరవై గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నాపత్రం చేశాడు, నొప్పి ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఎలాంటిది అన్నదీ కావాలని. మనకి ఆ పత్రం అక్కర్లేకుండానే సలుపు, పోటు, తీపు, మంట, లాగు, గుంజు, తిమ్మిరి, జివ్వుమనడం, కలుక్కుమనడం ఉన్నాయి. ఇవన్నీ కలిపి 'నాలుగు' అనేస్తే ఎలా? నాడిని పాము అనీ హంస అనీ ఎందుకన్నారో అప్పుడు కొంచెం బోధపడింది. వాళ్ళు చెప్పిన దోషాల సిద్ధాంతం నేను నమ్మకపోవచ్చు, నడకకి పేరు పెట్టాలన్న తపన మాత్రం అర్థమవుతుంది.

ఆ పిల్ల ఇంకో నియమం పెట్టింది. ఈరోజు ఎంత నడిచారన్నది ఈరోజు తేల్చకండి, రేపు పొద్దున్న మంచం దిగినప్పుడు తేల్చండి అంది. పొద్దున్న మొదటి అడుగు నుంచి కాలు బిగుసు వదిలేదాకా ఎన్ని అడుగులు పట్టాయో చూసుకోమంది. నిన్నటికన్నా ఎక్కువ పడితే ఈరోజు తగ్గించాలి, తక్కువ పడితే అంతే ఉంచాలి, మూడు రోజులు వరసగా తగ్గితేనే పెంచాలి. మా వంటింట్లో గోడకి తేదీల గళ్ళున్న తెలుగు కేలండరు ఉంది, తిథీ నక్షత్రమూ వర్జ్యమూ అన్నీ ఉండేది. ప్రతి గడిలో వర్జ్యం పక్కన పెన్సిలుతో రాయడం మొదలెట్టాను. '40, సలుపు.' '35, లాగు.' '38, వాన, మామూలే.' డిసెంబరు చివరికి అది 12కి వచ్చింది. ఫిబ్రవరిలో ఒక గడిలో ఏమీ రాయలేదు, మర్చిపోయాను. మర్చిపోయానని మూడు రోజులకి గుర్తొచ్చింది.

గడియారం తీసేయలేదు. కూర్చున్నప్పటి నాడి, నిద్రపోయిన గంటలు, వారాల తరబడి అడుగుల గీత ఎటు వంగుతోంది, ఇవి చూస్తాను. రాత్రి నాడి రెండు మూడు రోజులు వరసగా అయిదారు పెరిగితే ఆగుతాను. ఒకసారి అలా ఆగాక మర్నాటికి జ్వరం తగిలింది. తారాజువ్వలూ ఫిట్‌నెస్ వయసూ రాకుండా మా అమ్మాయి చేత ఆపించేశాను. "మెచ్చుకోలు కూడా వద్దా అమ్మా?" అంది.

పోయిన సిరిమానుకి గంటస్తంభం దగ్గర తెలిసినవాళ్ళ మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను, పక్కన అత్తగారితో. మాను మూడుసార్లు తిరిగేసరికి చీకటి పడింది. ఇంటికి ఆటోలో వచ్చాం. పడుకోబోతుంటే మణికట్టు దగ్గర ఒకసారి వణికింది, పదివేలకి ఇంకా 6,200 మిగిలాయని. అత్తగారు మంచం మీద నుంచి, "ఏటంతందే?" అంది. ఏమీ లేదత్తయ్యా అని చార్జింగుకి పెట్టి, పెన్సిలు కోసం వెతికాను.